ఆరు వోల్టుల కాలం

ఆ మొద్దును జర లోపటికి నూకు బిడ్డా, పొగ ఇటే కొడ్తున్నది. ఆఁ, ఇగ కూసోండ్రి అందరు. మనవడు పొద్దుగాల నుంచి ఒకటే అడుగుతున్నడు: "తాతా, ఆ యెజ్డీకి పాత వైర్లన్ని కోసి పారేసి కొత్త సెట్టు ఎక్కిస్తె అయిపోదా?" అని. అయిపోతది, ఎందుకు కాదు! గాని ఏ వైరు ఎందుకు ఉన్నదో, ఏది చెడిందో, ఏది మంచిగున్నదో తెల్వకుంట కోస్తె, నాలుగు వానలు పడ్డంక కొత్త వైర్లు గుడ అట్లనే అయితయి. కత్తెర పట్టేముందు నేను చెప్పేది ఇను. ఇన్నంక నీ ఇష్టం.

నేను పని నేర్చుకునే నాటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు గుడ మహబూబ్‌నగర్ జిల్లల తాలూకాలే. ఇవి మూడు వేరే వేరే జిల్లాలయింది మొన్న, 2016 అక్టోబరు 11 నాడు. అప్పట్ల ఊరికొక మోటారు సైకిలు ఉంటె గొప్ప. సప్పుడును బట్టే అది ఎవరి బండో చెప్పేటోళ్లు. డుగ్గు డుగ్గుమని నిదానంగ వస్తె బుల్లెట్టు. పెద్ద రైతుదన్న అయి ఉండాలె, పోలీసోళ్లదన్న అయి ఉండాలె. రెండు సైలెన్సర్ల నుంచి టపటపమని వస్తె జావా. పశువుల డాక్టరో, బ్లాకు ఆఫీసుల పనిచేసే సారో వస్తున్నట్టు. పాల క్యాన్లు రెండు దిక్కుల ఏలాడేసుకొని వచ్చేది రాజ్‌దూత్.

బుల్లెట్టు పుట్టింది ఇంగ్లండుల, రెడ్డిచ్ అనే ఊర్ల. 1955ల మద్రాసోళ్లు వాళ్లతోటి కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా అని పెట్టిరి, తిరువొత్తియూరుల ఫ్యాక్టరీ కట్టిరి. జావా ప్రాగ్ పట్నం బండి. 1929ల యానెచెక్ అనే ఆయన అక్కడ మొదలువెట్టిండు. మన దిక్కు మైసూర్ల ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి చేసింది. తర్వాత ఆ బండే యెజ్డీ అయింది. 1996ల ఆ ఫ్యాక్టరీ మూతపడ్డది. రాజ్‌దూత్ ఎస్కార్ట్స్ కంపెనీది, పోలండు బండి నమూనా మీద చేసిరి. దేశాలు వేరు, ఇంజన్లు వేరు. గాని ఆ కాలంల మూటికి గుడ కరెంటు ఆరు వోల్టులే. నా పనంత ఆ ఆరు వోల్టుల సుట్టే తిరిగింది.

నాకు పని నేర్పిన ఉస్తాదు కలాయి పెట్టేటోళ్ల ఇంట్ల పుట్టిండు. మీరు కలాయి చూసి ఉండరు. ఇత్తడి గిన్నెలల్ల చింతపండు పులుసు కాస్తె చిలుము పట్టి విషమయితదని, లోపట తగరం పూత పెట్టించుకునేటోళ్లు. కలాయి ఆయన చెట్టు కింద చిన్న కొలిమి తవ్వి, తోలు తిత్తితోటి గాలి కొట్టి బొగ్గులు రాజేస్తుండె. గిన్నెను ఇసుకతోటి, చింతపండుతోటి తోమి, నిప్పుల మీద తిప్పుకుంట వేడిచేసి, నవాసాగరం పొడి చల్లేటోడు. తెల్లగ పొగ లేస్తది, ముక్కు మండుతది. అప్పుడు తగరం ముక్కను ఇట్ల తాకించి, దూది ఉండతోటి గిర్రున రుద్దితె గిన్నె లోపలంత వెండి పూసినట్టు మెరుస్తుండె. బిందె ఓటు పడితె మాటు వేసేది గుడ వాళ్లే.

మా ఉస్తాదు ఆ ఇంటి ఇద్దెను మోటారు సైకిళ్లకు తెచ్చిండు. తోమకుంట తగరం అంటదని, వేడెక్కకుంట తగరం పారదని ఆయనకు చిన్నప్పుడే చేతికి తెలిసిన ముచ్చట. వైరుకు టంకం పెట్టుడు గుడ అదే పని, కాకపోతె చిన్నగ. నేను చూసిన మెకానికులల్ల పానా పనిల ఆయనను మించినోళ్లు శానమంది ఉండిరి. టంకంల మటుకు ఒక్కలు లేకుండిరి.

అప్పట్ల దుకాణంల కరెంటు కడ్డీ యాడిది? కరెంటు ఉన్నా లైట్లు గుడ్డిగ వెలిగేటియి, సాయంత్రమయితె అదీ ఉండకపోతుండె. ఇనుప ఊచకు రాగి మొద్దు బిగించిన కడ్డీలు రెండు పెట్టుకునేటోళ్లం. ఒకటి బొగ్గులల్ల కాగుతుంటె ఇంకొకటి చేతిల. రాగి తగినంత కాగిందా లేదా అని మంట రంగు చూసి చెప్తుండె ఉస్తాదు. కడ్డీ సుట్టు మంట పచ్చగ తిరిగితె తీయాలె. ఇంకా ఉంచితె కొస కాలి నల్లగయితది, టంకం పట్టదు. తీసినంక కొసను నవాసాగరం గడ్డ మీద ఒక్కసారి రాసి, తగరం అంటించి, తడిగుడ్డతోటి తుడిస్తె అద్దమయితుండె. ఆ అద్దం ఉన్నంతసేపే పని. మబ్బు పట్టిందంటె కడ్డీ మళ్ల బొగ్గులకు పోవాలె. కరెంటు కడ్డీ వచ్చినంక గుడ నేను ఆ అద్దాన్నే చూసుకుంట పని చేసిన.

టంకం అంటె తగరం, సీసం కలిపింది. తగరం ఒక్కటే అయితె 232 డిగ్రీలకు కరుగుతది, సీసం ఒక్కటే అయితె 327కు. రెండింటిని 63కు 37 పాళ్లల్ల కలిపితె 183కే కరుగుతది, చల్లారంగనె ఒక్కసారే గట్టిపడుతది. ఈ లెక్కలు మాకు ఉస్తాదు చెప్పలేదు, ఆయనకు చేతి లెక్కే తెలుసు. అవి నేను నేర్చుకున్నది వనపర్తి పిలగాండ్ల కాడ. వనపర్తి రాజావారి కోటల 1959ల పాలిటెక్నికు పెట్టిరి గదా. ఆడ చదివే పిల్లలు సెలవులకు ఊర్లకొచ్చినప్పుడు మా దుకాణంల కూసునేటోళ్లు. వాళ్లు కాయితం మీద ఓము లెక్క గీసి చూపిస్తె, నేను బండి మీద అదే లెక్కను చూపిస్తుంటి. ఒగలకు ఒగలం నేర్పుకున్నం. ఆ కోటకు ఆ పిల్లలకు నేను శాన రుణపడి ఉన్న.

ఆ లెక్కల ఒకటి మీకు గుడ చెప్తా, పాత బండి కతంత దాంట్లనే ఉన్నది. ముందర లైటు బల్బు 35 వాట్లదనుకో. 12 వోల్టుల బండిల దానికి మూడు ఆంపియర్లు పోతె చాలు. ఆరు వోల్టుల బండిల ఆరు ఆంపియర్ల దాక పోవాలె. వెలుగు అంతే, వైర్ల పారే కరెంటు రెండింతలు. ఇప్పుడు నడుమ ఒక జాయింటు చిలుము పట్టి ఉన్నది. రెండింతల కరెంటు పోతున్నది కాబట్టి ఆ చిలుము రెండింతల వోల్టులు తింటది. తినేది గుడ సగం ఉన్న దాంట్ల నుంచి. కొత్త బండిల కనపడని లోపం పాత బండిల లైటునే ముంచుతది. బల్బుకు చేరే వోల్టులు పదోవంతు తగ్గితె వెలుగు పదోవంతు తగ్గదు, మూడోవంతు దాక పోతది. అందుకనే "పాత బండ్ల లైటు దీపం బుడ్డే" అని జనం అంటుంటె నాకు మనసున పట్టదు. ఆ లైటు ఫ్యాక్టరీల నుంచి వచ్చినప్పుడు దీపం బుడ్డి కాదు. జాయింట్లు, ఎర్తు సాఫు చేస్తె ఇప్పటికి గుడ తొవ్వ మంచిగ కనపడుతది.

ఎర్తు అన్నం గదా, బీచుపల్లి ముచ్చట చెప్త. ఒక పశువుల డాక్టరు సారుకు జావా ఉండె. పెబ్బేరు సంతల ఎడ్లను చూసి, చీకటి పడ్డంక కృష్ణ బ్రిడ్జి దాటి ఎర్రవల్లి మీదంగ గద్వాలకు వస్తుండె. బండి గుంతల పడితె లైటు ఆరుడు, హ్యాండిలు తిప్పితె వెలుగుడు. ఇంకో ఊర్ల చూపిస్తె బల్బు మార్చిరంట, తర్వాత హోల్డరు మార్చిరంట, స్విచ్చు గుడ మార్చిరంట. లైటు తీరు మారలేదు. ఒక రాత్రి బీచుపల్లి దాటినంక ఎడ్లబండిని ఆఖరు నిమిషంల చూసి తప్పించుకున్నడు. తెల్లారి మా కాడికి వచ్చిండు, మొఖం ఇంకా పాలిపోయే ఉండె.

ఉస్తాదు బల్బు దిక్కే చూడలేదు. ఒక పొడుగు వైరు తీసుకొని, ఒక కొస బ్యాటరీ ఎర్తు కాడ, ఇంకొక కొస హెడ్‌లైటు డబ్బ ఇనుముకు తాకించిండు. లైటు భగ్గుమన్నది. వైరు తీస్తె మళ్ల గుడ్డి. అంతే, దొరికింది. హెడ్‌లైటు డబ్బ ఫోర్కు మీద ఉంటది, ఫోర్కు చాసీకి తాకేది హ్యాండిలు కింద ఉండే బేరింగు గోలీల మీదంగనే. ఆ గోలీల సుట్టు గ్రీసు. ఆరు ఆంపియర్ల కరెంటు తిరిగి వచ్చే తొవ్వ ఆ గ్రీసుల నుంచి! డబ్బ లోపటి నుంచి చాసీకి ఒక వేరే వైరు వేసి, రంగు గీకి, ఇనుము మెరిసేకాడ బోల్టు బిగించి, కొసకు టంకం పెట్టినం. ఆ సారు బదిలీ అయిపోయేదాక మళ్ల లైటు గురించి రాలేదు. అప్పటి నుంచి నా చేతికి ఏ పాత బండి వచ్చినా ముందు ఆ ఎర్తు వైరే ఏస్త.

లోపం పట్టుకునే సామాను పెద్దదేం కాదు. వెనుక లైటు చిన్న బల్బు ఒకటి, దానికి రెండు వైర్లు, కొసలకు సూదులు. అదే మా టెస్టు ల్యాంపు. బ్యాటరీ కాడి నుంచి మొదలువెట్టి ఒక్కొక్క జాయింటుకు తాకించుకుంట పోవాలె. యాడ వెలుగు తగ్గితె ఆడ రోగం. బుల్లెట్టుకయితె హెడ్‌లైటు మీద ఆంపియరు ముల్లు ఉండనే ఉన్నది. అన్ని స్విచ్చులు ఆపినా ముల్లు ఎడమకు ఒరిగిందంటె యాడనో కరెంటు కారుతున్నట్టు. ముందుగాల చూడాల్సిన తావులు మూడు. హ్యాండిలు తిరిగేకాడ వైర్లు చాసీకి రాసుకొని తోలు ఊడుతది. వెనుక మడ్‌గార్డు కింద తోకలైటు వైరును రాళ్లు కొడ్తయి. సీటు కింద ఎలుకలు. కొట్టంల గడ్డి పక్కన బండి పెట్టేటోళ్లం గదా, పాత నూలు అల్లిక వైర్లంటె ఎలుకలకు ప్రాణం.

ఫ్యూజు పోతె సిగరెట్టు డబ్బల వెండి కాయితం మడిచి పెట్టేటోళ్లు తొవ్వల. దాంతోటి ఇల్లు చేరొచ్చు గాని, తెల్లారి దాన్ని తీసెయ్యాలె. తీయకుంట వదిలేసిన బండి వైర్లు మొత్తం ఒక్క ముద్దయి మాడిపోయింది నేను కండ్లార చూసిన. ఫ్యూజు పోయిందంటె అది పని చేసినట్టు. ఎందుకు పోయిందో ఎతకకుంట నోరు మూపిస్తె చాసీ కింద మంట లేస్తది.

ఇగ టంకం పెట్టే పద్ధతి. మనవడా, జర దగ్గరికి రా.

వైరు తోలు తీసేటప్పుడు పోగులు తెగొద్దు. పాత వైర్లల్ల ఎక్కువ 14/0.30 అని వస్తుండె, అంటె 0.30 మిల్లీమీటర్ల పోగులు పద్నాలుగు. తోలు తీస్తున్నప్పుడు నాలుగు తెగితె కరెంటు తొవ్వ అంతమేరకు సన్నబడ్డట్టే. పోగులు ఎర్రగ మెరవాలె. నల్లగుంటె ఇంకొంచెం వెనుకకు కోసుకుంట పో, ఎర్ర రాగి వచ్చేదాక. నల్ల రాగికి టంకం పట్టదు, పట్టినట్టు కనపడుతది అంతే. తర్వాత రెండు కొసలు ఒకదాంట్లొకటి దూర్చి గట్టిగ మెలెయ్యాలె. టంకం పెట్టకముందే గుంజి చూస్తె ఊడొద్దు. బలం మెలికది. గాలి, నీళ్లు పోకుంట, చిలుము పట్టకుంట చూసేది టంకం. ఈ రెండు పనులు కలిపి టంకం మీదనే ఏసెటోళ్ల జాయింట్లు తొవ్వల ఊడుతయి.

కడ్డీ వైరు కింద పెట్టు, టంకం తీగ వైరు మీద పెట్టు. కడ్డీ మీద టంకం కరిగించి తెచ్చి వైరు మీద పూస్తె అది పైపైన గడ్డకడుతది, లోపటికి దిగదు. వైరే వేడెక్కి టంకాన్ని పిలవాలె. అప్పుడది దీపం వత్తిల నూనె ఎక్కినట్టు పోగుల నడుమకు పాకుతది. పాకంగనె కడ్డీ తీసెయ్యి. చల్లారేదాక కదపొద్దు, నోటితోటి ఊదొద్దు. మంచి జాయింటు మెరుస్తది, దాని కింద పోగుల ఆకారం కనపడుతది. పోగులు కనపడకుంట బొండుగ ఉంటె టంకం ఎక్కువయింది. రాయి లెక్క మబ్బుగ, గరుకుగ ఉంటె చల్లారేటప్పుడు కదిలింది, మళ్ల వేడిచెయ్యాలె.

గిన్నెలకు, ట్యాంకులకు వాడే యాసిడు వైర్లకు ముట్టనియ్యొద్దు. జింకు ముక్కలు వేసి సంపిన యాసిడు రేకును మస్తుగ సాఫు చేస్తది, టంకం గుడ ఎంబడే పట్టిస్తది. గాని వైరు పోగుల నడుమ దూరినంక దాన్ని కడుగుడు ఎవ్వరి తరం కాదు. ఆరు నెలలకు తోలు కింద పచ్చ పొడి అయితది. వైర్లకు రోజిన్. పసుపచ్చటి గడ్డ, పైన్ చెట్టు బంక నుంచి తీసేది. వేడికే పనిచేస్తది, చల్లారినంక ఊరుకుంటది. కలాయి ఇంట్ల పుట్టిన మా ఉస్తాదు యాసిడు సీసాను, రోజిన్ డబ్బను ఒక్క బల్ల మీద పెట్టనియ్యకపోతుండె.

ఇంకొకటి ఉన్నది. ఇది నాగర్‌కర్నూలు దిక్కు బండ్లు నాకు నేర్పినయి. అచ్చంపేట, అమ్రాబాదు అవతల నల్లమల తొవ్వలు అప్పట్ల రాళ్లు, వాగులు. అడవి ఆఫీసోళ్ల బండ్లు వచ్చేటియి. జాయింటు మెరుస్తనే ఉంటది, వైరు మటుకు జాయింటు పక్కన, వెంట్రుకంత దూరంల తెగి ఉంటది. ఎందుకంటె టంకం పాకినంత మేర వైరు పుల్లయితది, దాని అవతల మెత్తగ ఉంటది. బండి అదిరినకొద్దీ ఆ పుల్లకు మెత్తకు నడుమనే వంగి వంగి తెగుతది. దీనికి మందు ఏందంటె, టంకం తోలు దాక పాకనియ్యొద్దు, జాయింటు మీద స్లీవు రెండు దిక్కుల పొడుగ్గ తొడగాలె, ఆ భాగాన్ని చాసీకి కట్టెయ్యాలె. ఏలాడే జాయింటు ఎంత మంచిగున్నా తెగుతది. ఇప్పటి కంపెనీలు టంకం మానేసి క్లిప్పును వైరు మీద నొక్కి బిగించేది ఈ కారణానికే. మంచి పనిముట్టుతోటి నొక్కితె అది గుడ గట్టి పనే, నేను కాదనను. ప్లయరుతోటి చప్పిడిచేసి నొక్కినమంటె మటుకు ఒప్పుకోను.

గుడ్డ టేపు, స్లీవు, ఇత్తడి బుల్లెట్టు కొసలు, ఇవన్ని కర్నూలు నుంచో రాయచూరు నుంచో తెచ్చుకునేటోళ్లం. పెద్ద సామానుకయితె హైదరాబాదు పుత్లీబౌలికి పోయేది. దొరకనిది దుకాణంల చేసుకునుడే. పాత రేడియో లోపటి వైర్లు ఒలుచుకొని దాచిపెట్టేటోళ్లం.

బ్యాటరీ గురించి జర చెప్పి విడుస్త. మూడు గదులు, గదికి రెండు వోల్టులు. యాసిడు సాంద్రత 1.260 ఉంటె నిండ ఉన్నట్టు. మన ఎండకు నీళ్లు ఎంబడే ఇంకుతయి, డిస్టిల్డు వాటరే పొయ్యాలె. గాలి గొట్టం ఊడి యాసిడు కారితె కింద చాసీని, పక్కన వైర్లను తింటది. తెల్ల పొడి కనపడితె వేడినీళ్లల్ల తినేసోడా కలిపి కడుగు, ఆరినంక వాసెలిన్ రాయి. ఇంగ్లండు నుంచి వచ్చిన పాత బండ్లల్ల ప్లస్సును చాసీకి కట్టేటోళ్లు, ఇప్పటి బండ్లకు ఉల్టా. బ్యాటరీ పెట్టేముందు ఏది చాసీకి పోతున్నదో చూసుకోకుంట, ఇప్పటి ఎల్‌ఈడీ పెడితె క్షణంల మాడుతది.

ఇగ 2009 సంగతి. మీల కొందరు అప్పటికి పుట్టలేదు. అక్టోబరు మొదట్ల కృష్ణ, తుంగభద్ర రెండు ఒక్కసారే పొంగినయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల నీళ్లు వచ్చినయంటిరి. కర్నూలు మునిగింది. మన దిక్కు అలంపూరు, రాజోలి మునిగినయి. రాజోలిల నేతగాండ్ల మగ్గాలు, నూలు, చీరెలు బురదల కలిసినయి. మనుషులు, ఇండ్లు, పశువులు ముందు, బండ్లు తర్వాత. ఆ దుఃఖం నేనిప్పుడు చెప్పను. నీళ్లు దిగినంక ట్రాక్టర్ల మీద మోటారు సైకిళ్లు తెచ్చిరి. కొత్తయి, పాతయి, అన్నిటి ఒళ్లంత నల్లరేగడి. ఇల్లు పోయినోనికి ఆ బండి ఒక్కటే బతుకుదెరువు. దాని మీద నూలు తేవాలె, చీరె సంతకు పోవాలె.

అప్పుడు తెలిసింది నాకు, పాత టంకం జాయింటు విలువ ఏందో. పై నుంచి చూస్తె వైర్లు మంచిగనే కనపడ్డయి. కడిగి, ఎండకు పెట్టి, ఇంజను తిప్పితె పలికినయి. మళ్ల నెల తిరగకముందే ఒక్కొక్కటి వాపసు వచ్చినయి. నొక్కిన క్లిప్పుల కాడ నీళ్లు తోలు లోపటికి గుంజుకున్నయి, పోగుల నడుమ జానెడు దూరం పాకినయి. తోలు ఒలిస్తె లోపట రాగి నల్లగ, కొన్నిటిల పచ్చ పొడి. టంకం నిండ పట్టి, స్లీవు తొడిగిన పాత జాయింట్ల లోపటికి మటుకు నీళ్లు పోలేదు, పోనీకె సందు లేదు. నేను ముందటేసుకున్న పద్ధతి ఇది: హార్నెసు, అంటె వైర్ల కట్ట, మొత్తం బయటికి తీసుడు, టేపు విప్పుడు, బురదను మంచినీళ్లతోటి కడుగుడు, నీడకు ఆరబెట్టుడు, ప్రతి కొస ఒలిచి చూసుడు. ఎర్రగుంటె ఉంచుడు, నల్లగుంటె ఎర్ర వచ్చేదాక కోసి కొత్త ముక్క అతుకుడు. డైనమో, కాయిలు వేరేగ ఆరబెట్టుడు. ఆత్రపడి కరెంటు ఇస్తె అవి కాలుతయి. ఆ చలికాలమంత మా దుకాణంల కొలిమి ఆరలేదు. పైసలు ఇచ్చేటోళ్లు ఇచ్చిరి, ఇవ్వలేనోళ్లను నేను అడగలేదు.

ఇప్పటి టంకం గుడ మారింది. యూరపుల 2006 జులై నుంచి కరెంటు సామాన్లల్ల సీసం వాడొద్దని చట్టం చేసిరి, సీసం మనిషి నరాలను, పిల్లల బుద్ధిని తింటదని. మంచి పనే చేసిరి. సీసం లేని టంకం 217 డిగ్రీల మీద గాని కరగదు, పాత వైరు తోలు అంత వేడికి ముడుచుకుంటది, చేతికి అలవాటు గావాలె. ఆ టంకం చల్లారితె సహజంగనే జర మబ్బుగ ఉంటది, దాన్ని చూసి జాయింటు చెడ్డదనుకోవద్దు.

నీ యెజ్డీ సంగతి చెప్త ఇగ. ఆరు వోల్టుల నుంచి 12కు మార్చాలని నీ దోస్తులు అంటున్నరంట. మార్చినోళ్లున్నరు, బండ్లు నడుస్తున్నయి. గాని నా తీర్పు అడిగితె, ముందు ఎర్తులు, జాయింట్లు సాఫు చేసి ఆరు వోల్టుల లైటు అసలు వెలుగు ఎంతనో ఒక్కసారి చూడు. చూసినంక చాలలేదంటె మార్చు. వైర్లు మొత్తం పారెయ్యకు. పాత హార్నెసును బల్ల మీద పరిచి, ఏ రంగు యాడికి పోతదో కాయితం మీద రాసుకో, ఫోటో తీసుకో. తోలు పెళుసయి విరిగేది, రాగి నల్లబడ్డది మార్చు. మెత్తగున్నది, ఎర్రగున్నది ఉంచు. వనపర్తిల, కొల్లాపూర్ల, నాగర్‌కర్నూల్ల నా ఈడు మిస్త్రీలు ఒకరిద్దరు ఇంకా ఉన్నరు. వాళ్ల దుకాణాల ముందర ఇప్పుడు గిరాకీ లేదు. పోయి కూసో, అడుగు. వాళ్లకు చెప్పాలని శాన ఉంటది, అడిగేటోడే లేడు.

పని మొదలువెట్టేటప్పుడు ముందు బ్యాటరీ ఎర్తు వైరు ఊడదియ్యి. ట్యాంకు దించి దూరంగ, నీడకు పెట్టు. పెట్రోలు వాసన వచ్చేకాడ కడ్డీ వేడి చెయ్యొద్దు. కిటికీ తెరిచి, పొగ మొఖానికి తగలని దిక్కు కూసో. చిన్న పోరగాండ్లను ఆ బల్ల కాడికి రానియ్యకు. పని అయినంక సబ్బుతోటి చేతులు మంచిగ కడుక్కొనే అన్నం కాడికి రా.